రాబోయే పెట్టెకు ప్రథమ స్థానం

మా జిల్లా ఆసుపత్రిలో ఒక్కసారి కూడా మొరాయించని యంత్రం ఒకే ఒక్కటి ఉంది. అది ఇంకా తయారు కాలేదు.

తయారు కాకపోతేనేం, దానికో గది ఉంది. గదికి ఏసీ ఉంది, తలుపుకి తాళం ఉంది, తాళంచెవికి ఒక బాధ్యుడున్నాడు, గోడకి నల్లరాతి ఫలకం, దాని మీద బంగారు రంగు అక్షరాలూ ఉన్నాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్విన పెద్దలు మా ఆసుపత్రిని చూసి ఎరగరు. ఇక్కడ సోమలింగానికి పేరు పెట్టడంతో ఆగలేదు, ఉయ్యాల కట్టి ఊపుతున్నారు కూడా. నా పేరు త్రినాథం. ఈ ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. సదరు యంత్రాన్ని ఎంపిక చేసిన కమిటీలో సభ్యుణ్ణి. కమిటీ వేస్తున్న సమయానికి కారిడార్లో నడుస్తూ కనపడడం తప్ప ఆ పదవికి నాకున్న అర్హత మరేమీ లేదు.

మొదట్లో కావలసింది చాలా చిన్న వస్తువు.

అప్పయమ్మ అనే ఆవిడ ఊరూరా జరిగే తీర్థాలలో బెల్లం జీళ్ళు అమ్ముకుని బతుకుతుంది. ఒకనాడు ఇంట్లో బెల్లం పాకం కాస్తుంటే, తొమ్మిదేళ్ళ కూతురు నూకరత్నం కాలు జారి, పడిపోకుండా మూకుడు అంచు పట్టుకుంది. మూకుడు ఒరిగి పిల్ల కుడిచెయ్యి పాకంలో మునిగింది. మా సర్జన్లు చర్మం అతికించి చెయ్యి దక్కించారు. అంతవరకూ మా ఆసుపత్రి ఆసుపత్రిలాగే పనిచేసింది. ఆ తర్వాతి పని ఫిజియోథెరపిస్టు ఎస్తేరు రాణి గారిది. కాలిన చర్మం మానేటప్పుడు బిగుసుకుపోతుంది. రోజూ వేళ్ళు వంచి చాపుతూ ఉండకపోతే ఇక ఎప్పటికీ వంగవు. వంచబోతే ప్రాణాలు పోయేంత నొప్పి. నూకరత్నం ఎస్తేరు గారిని చూడగానే మంచం కింద దూరేది.

"పాకంలాటిదే కదండీ మేడంగారూ," అంది ఒకరోజు అప్పయమ్మ, మంచం కింద నుంచి కూతుర్ని లాగుతూ. "ఏడి మీదున్నప్పుడే సాగుద్ది. సల్లారిపోయిందంటే ఇరుగుద్ది గానీ సాగదు."

"అంతేనమ్మా. మనకున్న టైమూ అంతే," అన్నారు ఎస్తేరు గారు.

ఎస్తేరు గారు తన అన్నగారింట్లో పిల్లలు వీడియో గేములాడుతుంటే చూశారట. టీవీకి తగిలించే పెట్టె ఒకటి, చేత్తో పట్టుకునే కంట్రోలర్ ఒకటి. కారు రేసు ఆటలో కంట్రోలర్ వెనకాల చూపుడువేలికి ఒక మీట ఉంటుంది. వేలు కొంచెం వంచితే కారు కొంచెం కదులుతుంది, పూర్తిగా వంచితే దూసుకుపోతుంది. మనం బతిమాలినా, బెదిరించినా వంచని వేలిని పిల్లలు కారు కోసం వాళ్ళంతట వాళ్ళే వంచుతారు. ఆవిడ ఆ సంగతి వివరంగా రాసి, కాలిన చేతుల పిల్లల కోసం ఒక వీడియో గేమ్ పెట్టె కావాలనీ, బజార్లో దొరికేది ఏదైనా సరే పనికొస్తుందనీ అర్జీ పెట్టారు.

ఆ 'ఏదైనా సరే' దగ్గరే కొంప మునిగింది.

మా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు పరాంకుశం గారు అర్జీ చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఎదుటి మనిషి కనపడనక్కర్లేదని అర్థం.

"మేడమ్, 'ఏదైనా సరే' అనే పరికరం ప్రభుత్వ పరిభాషలో లేదు. ముందుచూపు నిబంధన మీరు అవలోకించినట్టు లేదు."

ముందుచూపు నిబంధనకో చరిత్ర ఉంది. ఎప్పుడో ఎక్కడో మా శాఖ ఒక పెద్ద యంత్రం కొన్నది. అది పెట్టెలోంచి బయటికి వచ్చేలోపే కంపెనీవాళ్ళు దానికన్నా మంచిది విడుదల చేశారు. ఆడిట్ వాళ్ళు పట్టుకున్నారు. పైవాళ్ళకి పరువు పోయినట్టయింది. దాంతో ఒక ఉత్తర్వు దిగింది: ఇకమీదట ఏ పరికరమైనను ప్రస్తుతం లభించు నమూనాలనే గాక, రాబోవు నమూనాలను సైతం సరిపోల్చి, వానిలో ఉత్తమమైనదానిని మాత్రమే కొనవలెను. మా శాఖలో పాముని చూసి ఎవరూ భయపడరు గానీ, ఒకసారి తాడు తొక్కితే ఇంట్లో తాళ్ళన్నీ తగలబెడతారు.

"రాబోయేవి ఇంకా రాలేదు కదండీ?" అన్నారు ఎస్తేరు గారు.

"వచ్చి ఉంటే అవి ప్రస్తుతపు నమూనాలు అయ్యేవి. నిబంధనలో పొరపాటు లేదు."

"అప్పటిదాకా పాప చెయ్యి ఆగదండీ."

"చెయ్యి అనేది వ్యక్తిగత అంశం మేడమ్. నిబంధన అనేది సార్వజనీనం. కమిటీ వేయిస్తాను."

వేయించారు. అధ్యక్షులు మా సూపరింటెండెంటు డాక్టర్ శివకేశవులు గారు. మంచివాడు, చేతి వాసి ఉన్న డాక్టరు. కానీ 'ఆడిట్' అనే మాట వినపడితే ఏసీలో కూడా చెమట పట్టే మనిషి. కార్యదర్శి పరాంకుశం గారు. సభ్యుణ్ణి నేను. వేళ్ళు వంచే విద్య తెలిసిన ఎస్తేరు గారిని అర్జీదారు కాబట్టి కమిటీలో వేయకూడదట. నిష్పాక్షికత దెబ్బతింటుందట.

పెట్టెలు చూపించడానికి మెయిన్ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపు మస్తాన్ వలీ గారు వచ్చారు. రెండు పెట్టెలు తెచ్చారు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. కంపెనీల పేర్లు ఎందుకు లెండి, రెండూ మంచివే.

"తెల్లదండీ, సిన్నది, టిఫిను కేరేజీలాగ ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు," అని మొదలుపెట్టారాయన. "డిస్కు పెట్టే సందు లేదు, ఆటలన్నీ నెట్లోంచి దింపుకోటమే. నల్లదానికి డిస్కు సందుంది. పాత ఆటలూ ఆడుద్ది, బొమ్మ అద్దంలాగుంటది. కాపోతే కాస్త వేడెక్కుద్దండి. దీని కంట్రోలర్లో తమాషా ఏటంటే, మీట ఎదురు తంతది. ఆటలో బ్రేకు గట్టిగుంటే ఏలికీ గట్టిగానే తగులుద్ది."

ఎస్తేరు గారు రెండు కంట్రోలర్లూ చేతిలోకి తీసుకుని, మీటలు నొక్కి చూశారు. "మొదట్లో తెల్లది మంచిదండీ, మీట మెత్తగా ఉంది. చెయ్యి కాస్త లొంగాక నల్లది పెడితే వేళ్ళకి బలం వస్తుంది. ఒక్కటే కొంటామంటే తెల్లది చాలు," అన్నారు. ప్రస్తుతం ఉన్న వీడియో గేమ్ పెట్టెల మీద తులనాత్మక అధ్యయనం అంటూ మా ఆసుపత్రిలో జరిగిందల్లా ఆ మూడు ముక్కలే. మిగిలిందంతా కమిటీ చేసింది.

తెల్లపెట్టె టీవీకి తగిలించి నూకరత్నం చేతికి కంట్రోలర్ ఇచ్చారు. తెర మీద ఎర్ర కారు నిలబడి ఉంది. పిల్ల దాన్ని చూసింది, వాళ్ళమ్మని చూసింది, పెదవి కొరుక్కుని వేలు కదిపింది. కారు రెండడుగులు ముందుకి వెళ్ళి ఆగింది. మళ్ళీ వంచింది. ఈసారి కారు మలుపు దాకా పోయి గడ్డివామిని గుద్దుకుంది.

"అమ్మా, కారెల్తంది! నానే తోల్తన్నాను!"

వారాల తరబడి ముగ్గురు మనుషుల బలంతో వంగని వేలు, గడ్డివామిని గుద్దడానికి వంగింది. అప్పయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డాక్టర్ శివకేశవులు గారు అధ్యక్షుడన్న సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టారు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోను.

పరాంకుశం గారు గడియారం చూసుకున్నారు. "ప్రదర్శన ముగిసినది. పరికరాలకు సీలు వేయించండి."

"పాపని ఆడుకోనియ్యండి సారూ," అన్నారు మస్తాన్ వలీ. "తెల్లపెట్టి ఇక్కడే వదిలేసి పోతాను. నాకేం ఇయ్యక్కర్లేదు, ఊరికే వాడుకోండి."

"ఉచితం అనగా సున్నా ధరకు జరిగిన కొనుగోలు. దానికి సైతం సరిపోలిక తప్పదు. పైపెచ్చు, కమిటీని ప్రభావితం చేయు ప్రయత్నంగా దీనిని పరిగణించవలసి వస్తుంది."

మస్తాన్ వలీ సామాను సర్దుకున్నారు. నూకరత్నం కంట్రోలర్ వదల్లేదు. దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకోవలసి వచ్చింది. ఆ వేళ్ళు దేన్నైనా అంత గట్టిగా పట్టుకోవడం అదే ఆఖరని అప్పుడు నాకు తెలియదు.

సరిపోల్చే పట్టిక తయారుచేయడానికి మర్నాడు కూర్చున్నాం. తెల్లది ఒక నిలువు గడి, నల్లది ఒక నిలువు గడి, మూడోది రాబోయేది. రాబోయే పెట్టె గురించి లోకంలో ఉన్న సమాచారమంతా మస్తాన్ వలీ ఫోనులో ఉన్న చిన్న వీడియో. చీకట్లో ఒక సన్నని నీలం వెలుగు కనిపించి మాయమవుతుంది. తర్వాత 'త్వరలో' అన్న ముక్క. అంతే. లోపల ఏముందో, కంట్రోలర్ ఎలా ఉంటుందో, ఎప్పుడొస్తుందో ఆ కంపెనీవాళ్ళకే ఇంకా తేలలేదని అందరూ చెప్పుకుంటున్నారు.

"తెలియని చోట ఏం రాయమంటారు సార్?" అని అడిగాను.

"అడ్డగీత పెట్టండి."

పెడుతూ పోయాను. ఫ్యాను చప్పుడు: తెల్లదానికి స్వల్పం, నల్లదానికి ఒక మోస్తరు, రాబోయేదానికి అడ్డగీత. వేడి: అడ్డగీత. బరువు, కరెంటు వాడకం, దుమ్ము పట్టే గుణం, దొంగిలించడానికి గల అవకాశం, ఇంతవరకూ వచ్చిన ఫిర్యాదులు, అన్నిటికీ అడ్డగీతలే. ధర దగ్గరా అదే. పట్టిక పూర్తయ్యాక పరాంకుశం గారు దాన్ని వెలుగుకి పట్టుకుని చూశారు. పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశారు.

"మూడవ పరికరమునకు ఒక్క లోపము కూడా లేదు. పైగా కనిష్ఠ ధర దానిదే. సున్నా."

"సార్, అడ్డగీత అంటే తెలియదని," అన్నాను. "వేలికి మీట ఉంటుందో లేదో కూడా మనకి తెలియదు."

"మీరు అడ్డగీత పెట్టారా?"

"పెట్టాను."

"ప్రభుత్వ పట్టికలలో అడ్డగీత అనగా లేదు అని. లోపాల పట్టికలో లేదు అంటే లోపం లేదు అని. ఇందులో మీ వ్యక్తిగత అభిప్రాయానికి తావెక్కడుంది త్రినాథం గారూ?"

డాక్టర్ శివకేశవులు గారు రుమాలు తీశారు. "రేపు ఆడిట్ వాళ్ళు ఏమైనా..."

"సార్, ఆడిట్ వారు ఉన్నదానిలో తప్పు పడతారు. లేనిదానిలో తప్పు పట్టు విధానము వారి వద్ద కూడా ఇంకా లేదు."

సూపరింటెండెంటు గారి మొహంలో అంత ప్రశాంతత నేను మునుపెప్పుడూ చూడలేదు. రుమాలు జేబులో పెట్టుకుని సంతకం చేశారు. రాబోయే పెట్టె ప్రథమ స్థానంలో నెగ్గింది.

నెగ్గిన యంత్రానికి గది కావాలి కదా. ఫిజియోథెరపీ యంత్రం కాబట్టి ఫిజియోథెరపీ గదే ఇచ్చారు. ఆ గదిలో ఎస్తేరు గారి రబ్బరు బంతులు, వేళ్ళతో తీసి గుచ్చే చెక్క మేకులు, వేళ్ళని మెత్తబరిచే వేడి మైనపు తొట్టి ఉండేవి. అవన్నీ ప్రస్తుతపు పరికరాలు. రాబోయేదానితో ఒకే గదిలో ఉంచితే దాని ఔన్నత్యానికి భంగమని పరాంకుశం గారు వాటిని సైకిళ్ళ షెడ్డులోకి తరలించారు. సైకిళ్ళ షెడ్డులో ప్లగ్గు పాయింటు లేదు. మైనం కరగలేదు. మైనం కరగకుండా పిల్ల వేళ్ళు వంచబోతే మచ్చలు పగిలి నెత్తురు వచ్చేది. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. వీళ్ళు ఆ దూడకి చోటు కోసం పాలిచ్చే ఆవుని బయటికి తోలేశారు.

గది ప్రారంభోత్సవం మాత్రం ఘనంగా జరిగింది. పై నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, ఏసీ చల్లదనానికి కళ్ళు మూసుకుని ఒక క్షణం ఆనందించారు. ఎదురుగా పెద్ద టీవీ, టీవీ కింద బల్ల, బల్ల మీద పట్టు శాలువా. శాలువా మీద పసుపూ కుంకుమా.

"పెట్టె ఏదయ్యా?" అన్నారాయన.

"అదియే దాని విశిష్టత సార్," అన్నారు పరాంకుశం గారు. "రాష్ట్రంలో మరే ఆసుపత్రిలోనూ ఇటువంటిది లేదు."

పెద్దాయన శాలువా వైపు కాసేపు చూశారు. మనకి తెలియనిదేదో ఇందులో ఉందని అనుమానం వచ్చినప్పుడు పెద్దవాళ్ళు అడగరు, తలాడిస్తారు. తలాడించి, శాలువాకి దండ వేసి, అద్భుతమన్నారు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. ఫొటోలో ఓ మూల నూకరత్నం ఉంది. చప్పట్లు కొట్టమంటే ఎడమచేత్తో తొడ మీద కొడుతోంది.

నాలుగు నెలలు పోయాక, ఎవరూ ఊహించని ప్రమాదం ఒకటి జరిగింది. పెట్టె వచ్చేసింది.

నిజంగానే వచ్చింది. నగరాల్లో జనం వరసలు కట్టి కొంటున్నారట. మస్తాన్ వలీ ఎవరెవరినో బతిమాలి ఒకటి సంపాదించి, పండగనాడు బట్టలు తెచ్చినట్టు చంకలో పెట్టుకుని తెచ్చారు. ఎస్తేరు గారు షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చారు. "మీట ఉందా?" అనే అడిగారు మొదట.

"ఉందండీ మేడంగారూ. మెత్తగా కావాలంటే మెత్తగా, గట్టిగా కావాలంటే గట్టిగా పెట్టుకోవచ్చు. మీరు రెండు పెట్టెల్లో అడిగిందీ దీన్లో ఉంది."

ఆవిడ మొహం వెలిగిపోయింది. అందరం తాళంచెవి కోసం పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన పెట్టెను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అట్ట మీద చిన్న అక్షరాలు చదివి, వెనక్కి నెట్టారు.

"ఇది మేము ఆర్డరు ఇచ్చిన వస్తువు కాదు."

"అదేటి సార్! ఇదే కదండీ రాబోయేదన్నారు?"

"మేము ఆర్డరిచ్చింది రాబోయేదానికి. ఇది వచ్చింది."

"వత్తేనే కదండీ తెచ్చిచ్చేది!"

"మీ సరుకుకు బరువు ఉన్నది. ధర ఉన్నది. ఫ్యాను కూడా ఉన్నట్టున్నది. ఆమోదం పొందిన మా పట్టికలో అవేమీ లేవు. ఆర్డరుకు విరుద్ధమైన సరుకును స్వీకరించజాలము." ఆయన గొంతు కాస్త తగ్గించి, దయగా చెప్పారు. "మీరు వ్యాపారస్తులు, మీకు తెలియనిదేముంది? దీని తర్వాతది కూడా వస్తోందట కదా?"

అబద్ధమాడలేని మనిషి మస్తాన్ వలీ. "ఏదో అంటన్నారండీ," అన్నారు.

"చూశారా! ఇది ప్రస్తుతపు వరుసలో చేర్చి, తర్వాతదానితో సరిపోల్చండి త్రినాథం గారూ."

సరిపోల్చాను. ఏది నెగ్గిందో చెప్పక్కర్లేదు. మస్తాన్ వలీ మెట్లు దిగుతూ నాతో అన్నారు: "పెళ్ళిచూపులకొచ్చి, పిల్ల బానే ఉంది గానీ ఇంకా పుట్టని సెల్లెలుంటే దాన్ని సేసుకుంటామన్నట్టుందండీ మీ కత." నవ్వబోయి, షెడ్డు వైపు తిరిగి వెళ్ళిపోతున్న ఎస్తేరు గారిని చూసి నవ్వు మింగేశాను.

లోకంలో మంచి పద్ధతి కన్నా చెడ్డ పద్ధతికి కాళ్ళెక్కువ. మా పట్టిక పైదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి అభినందన పత్రమై తిరిగొచ్చింది. ఒక్క తప్పు లేకుండా, ఒక్క ఫిర్యాదు రాకుండా, ఖజానా మీద భారం పడకుండా ఒక ఆసుపత్రి యంత్రాన్ని సమకూర్చుకోవడం ఇదే ప్రథమమట. ఈ విధానాన్ని మిగతా విభాగాలకీ విస్తరించమన్నారు.

విస్తరించాం. అంబులెన్సుని రాబోయే అంబులెన్సుతో పోల్చాం. రాబోయేది ఇంతవరకూ ఎక్కడా గోతిలో దిగబడలేదు, డ్రైవరు సెలవు పెట్టలేదు. ఉన్నదాన్ని షెడ్డుకి పంపాం. నెలలు నిండినవాళ్ళు ఆటోల్లో వస్తున్నారు. క్యాంటీనులో ఇవాల్టి ఉప్మాని రేపటి ఉప్మాతో పోల్చాం. ఇవాల్టిదాంట్లో ఒక పురుగు కనిపించింది. రేపటిదాంట్లో లేదు. క్యాంటీను మూతపడింది. రోగుల మీద కూడా పోలిక పెట్టారు. ఇప్పుడున్న రోగులు మూలుగుతారు, దుప్పట్లు మాపుతారు, డాక్టరేడీ అని అడుగుతారు. రాబోయే రోగుల్లో ఆ అవలక్షణాలు లేవు. వాళ్ళ కోసం ఒక వార్డు ఖాళీ చేసి, సున్నం వేయించి, తాళం వేశాం. వరండాలో పడుకున్నవాళ్ళు కిటికీలోంచి ఆ తెల్లటి పక్కలు చూసుకుంటూ ఉంటారు.

ఆ తర్వాత ఉద్యోగుల వంతు వచ్చింది. ముందు ఎస్తేరు గారిదే. గదీ, యంత్రమూ ఆవిడ విభాగానివే కాబట్టి మనిషి కూడా ఆ ప్రమాణానికి తగినట్టుండాలట. ప్రస్తుతపు ఫిజియోథెరపిస్టు అర్జీలు పెడతారు, గొంతు పెంచుతారు, సెలవు అడిగిన దాఖలా ఉంది, జీతం తీసుకుంటున్నారు. రాబోయే ఫిజియోథెరపిస్టుకి అన్నిచోట్లా అడ్డగీత. ఎస్తేరు గారిని బాధ్యతల నుంచి తప్పిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆవిడ దాన్ని పట్టుకుని పరాంకుశం గారి గదిలోకి వెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళాను.

"నన్ను పంపెయ్యండి, ఫర్వాలేదు. నా చోటికి వచ్చే ఆవిడ ఎప్పుడొస్తారో చెప్పండి. పాప సంగతి ఆవిడకి అప్పజెప్పి వెళ్తాను."

"రాకూడదు మేడమ్," అన్నారాయన, తెలివి తక్కువ పిల్లకి లెక్క చెప్పినట్టు. "వస్తే ఆవిడా మీలాంటి మనిషే అయిపోతారు."

ఎస్తేరు గారు ఉత్తర్వు మడిచి సంచిలో పెట్టుకున్నారు. షెడ్డులోకి వెళ్ళి అప్పయమ్మని కూర్చోబెట్టి, వేళ్ళు ఎలా వంచాలో, ఎంత వంచాలో నేర్పించారు. "అది ఏడిస్తే ఆపకమ్మా. నువ్వు కూడా ఏడు, కానీ ఆపకు," అన్నారు. అప్పయమ్మ తలూపింది. కానీ కన్నతల్లి ఎంతని వంచగలదు? తీర్థాలు తిరగాలి, జీళ్ళు కాయాలి, ఇంటికొచ్చేసరికి పిల్ల చెయ్యి వీపు వెనకాల దాచుకుని నిద్రపోయేది.

వేసవి సెలవులైపోయాక తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. నూకరత్నం చెయ్యి కొయ్య గరిటెలా ఉంది. వేళ్ళు చాచింది చాచినట్టే బిగుసుకుపోయాయి. పాకం చల్లారిపోయింది.

ఇప్పుడు వాళ్ళకి కావలసింది పెట్టె కాదు, వైకల్యం సర్టిఫికెట్టు. అదుంటే బళ్ళో పరీక్ష రాసిపెట్టడానికి ఒక తోడుని ఇస్తారు. కొంచెం పింఛనూ వస్తుంది. సర్టిఫికెట్టు ఇవ్వవలసిన బోర్డులో సభ్యులెవరంటే, మళ్ళీ మేమే. పద్ధతి తెలిసినవాళ్ళని మార్చడం ఎందుకన్నారట.

పరాంకుశం గారు కొత్త పట్టిక తీశారు. ఒక గడి మీద 'ప్రస్తుతపు చెయ్యి' అనీ, పక్క గడి మీద 'రాబోయే చెయ్యి' అనీ రాయించారు. రాబోయే చెయ్యి అంటే, రాబోయే ఫిజియోథెరపిస్టు రాబోయే పెట్టెతో చికిత్స చేశాక ఏర్పడబోయే చెయ్యి. ప్రస్తుతపు చేతికి నొప్పి ఉంది, బిగువు ఉంది, మచ్చలున్నాయి. రెండోదానికి అడ్డగీతలు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, పాప ఎదురుగానే ఉంది. ఒక్కసారి ఆ చెయ్యి చూడండి," అన్నాను.

"చూడడం అనేది ప్రస్తుతానికి సంబంధించిన చర్య త్రినాథం గారూ. బోర్డు పని నిర్ధారించడం."

డాక్టర్ శివకేశవులు గారు చూశారు, పాపం. చూసి, చెయ్యి పట్టుకుని వేలు కదపబోయారు. అది కదల్లేదు. ఆయన రుమాలు తీశారు. "పరాంకుశం గారూ, వైకల్యం ఉందని రాసేస్తే..."

"రాసేయవచ్చు సార్. అయితే రాష్ట్రానికి ఆదర్శమైన విభాగంలో చికిత్స పొందిన చెయ్యి బాగుపడలేదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ఆడిట్ వారు అడిగితే తమరే సమాధానం చెప్పాలి."

రుమాలు జేబులోకి పోయింది. సర్టిఫికెట్టు తయారైంది: పై వివరములను సరిపోల్చి చూడగా, కుమారి నూకరత్నం కుడిచెయ్యి సంపూర్ణ ఆరోగ్యముతో నున్నట్లు ధ్రువీకరించడమైనది.

"ఇది తీసుకున్నట్టు పాప సంతకం చెయ్యాలి," అంటూ పరాంకుశం గారు పెన్ను ఇచ్చారు.

నూకరత్నం ఎడమచెయ్యి చాపింది. ఆ చేత్తోనే బళ్ళో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టిందట.

"ఎడమచెయ్యి కాదమ్మా. కుడిచేత్తో పెట్టాలి. మన రికార్డుల ప్రకారం అది బాగానే ఉంది."

పిల్ల పెన్నుని చాచిన వేళ్ళ మధ్య ఇరికించుకోబోయింది. పడిపోయింది. వంగి ఎడమచేత్తో తీసి, మళ్ళీ కుడిచేతిలో పెట్టుకుంది. మళ్ళీ పడిపోయింది. మూడోసారి పడ్డప్పుడు అది మా అధ్యక్షుల కాళ్ళ దగ్గరికి దొర్లింది. ఆయన కిటికీలోంచి చూస్తున్నారు.

పరాంకుశం గారికి కూడా హృదయం ఉంది. సంతకం లేదని చెప్పి పిల్లని వెనక్కి పంపెయ్యలేదు. పెన్ను తానే తీసుకుని, సంతకం చెయ్యవలసిన చోట ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: సంతకం రాబోవుచున్నది.

అప్పయమ్మ ఆ కాగితం అందుకుంది. చదువు రాదు కాబట్టి ఏం రాశారో నన్ను చెప్పమంది. చెప్పాను. ఆవిడ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. అరుస్తుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"అయితే బాబుగారూ," అంది పరాంకుశం గారి వైపు తిరిగి, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే. "ఆ రాబోయే సెయ్యి వచ్చేదాకా, నేను తీర్థానికెల్లినప్పుడు దీనికి అన్నం ఎవరు కలిపెట్టాలండీ?"

ఆ ప్రశ్నకి పట్టికలో గడి లేదు. అప్పయమ్మ కూతురి ఎడమచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. వాళ్ళు ఏసీ గది ముందు నుంచే వెళ్ళాలి. నూకరత్నం అద్దానికి మొహం ఆనించి లోపల శాలువా కప్పిన బల్లని చూస్తుంటే, వాళ్ళమ్మ లాక్కుపోయింది.

ఇంకా కార్యాలయ ప్రతి మీద బోర్డు సంతకాలు కావలసి ఉన్నాయి. అధ్యక్షులు చేశారు, కార్యదర్శి చేశారు, కాగితం నా ముందుకి జరిగింది. అన్ని సంతకాలూ చక్కగా పడ్డాయి. మా అందరి వేళ్ళూ బాగా వంగుతాయి.